రీమ్యాప్ చేసిన (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చిన) టర్బో కారుకు బయటి కంపెనీ ఎయిర్ ఇన్‌టేక్ (గాలిని ఇంజిన్‌కు చేర్చే గొట్టం, ఫిల్టర్) బిగిస్తే మళ్లీ ట్యూనింగ్ చేయించాలా?

మీ కారు గాలిని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌తో కొలిచేదై, ఆ సెన్సర్ ఉండే గొట్టం వ్యాసం మారితే తప్పనిసరిగా చేయించాలి. ఆ సెన్సర్‌లోని సన్నని వేడి తీగ తనను తాకే గాలినే గ్రహిస్తుంది. మొత్తం గాలి ఎంతన్నది పాత గొట్టం వ్యాసాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కగడుతుంది. కొత్త గొట్టం వెడల్పైతే గాలి వేగం తగ్గి, లోపలికి వెళ్లిన దానికన్నా తక్కువ నమోదవుతుంది. దాంతో ఇంధనం చాలక, బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెంచిన ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలై పిస్టన్లు దెబ్బతినవచ్చు. గాలిని దాని ఒత్తిడిని బట్టి అంచనా వేసే మ్యాప్ సెన్సర్‌తో నడిచే కార్లకు ఈ చిక్కు బాగా తక్కువ.

బిగించాక ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరంలో) ఫ్యూయల్ ట్రిమ్ చూడండి; ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. అది ప్లస్ 10 శాతం దాటి నిలిచిపోతే, ముందుగా సెన్సర్‌కూ టర్బోకూ మధ్యనున్న క్లాంపులను ఒక్కొక్కటిగా కదిపి చూడాలి, ఎందుకంటే అక్కడ గాలి లీకైనా ఇదే లక్షణం కనిపిస్తుంది.

విశాఖలో మాత్రం ఫిల్టర్‌ను బంపర్ వెనుక కిందికి దించే రకం దయచేసి వద్దు. తుపాను వానలకు నీరు నిలిచిన అండర్‌బ్రిడ్జిలో అది నీటిని పీల్చుకుంటే ఇంజిన్‌లో పిస్టన్లకు బిగించి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పోర్టు వైపు రోజూ తిరిగేవారు బొగ్గు ధూళి వల్ల ఫిల్టర్‌ను తరచుగా శుభ్రం చేయాలి. అయితే కాటన్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువగా పట్టిస్తే అది సెన్సర్ తీగకు అంటుకుని కొలతను చెడగొడుతుంది.