చెల్లెలి బాధ చెల్లెల్నే అడగండి

ప్రశ్న: మాది తిరుపతి. మా చెల్లెలికి 29 ఏళ్లు. ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి మందులు వాడుతోంది. నిశ్చితార్థం అయ్యాక జబ్బు సంగతి బయటపడి సంబంధం తప్పిపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంది. రాత్రుళ్లు కేకలు వేస్తోందని రెండు నెలల కింద డాక్టరు డోసు పెంచారు. ఇప్పుడు కాళ్లలో చీమలు పాకుతున్నాయనీ, లోపల గుంజుతోందనీ కొత్త పాట ఎత్తుకుందని అమ్మ అంటోంది. అర్ధరాత్రి హాల్లో తిరుగుతూ నిద్ర చెడగొడుతోందని నా భార్య విసుక్కుంటోంది. స్కాన్ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇది నిజమా, భ్రమా, నటనా? శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిస్తే పోతుందంటున్నారు. చేయించమంటారా?

జవాబు: ముందు నటన అన్న మాట కొట్టేయండి నాయనా. తెల్లవార్లూ హాల్లో తిరిగి ఎవర్ని నమ్మించాలని? నమ్మేవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు గనక? ఇక నిజమా, భ్రమా అన్నది డాక్టరు తేల్చుకోవాల్సిన విషయం, అన్నకి అక్కర్లేదు. చీమ లేకపోయినా ఒంటిమీద పాకినట్టు తెలియడం ఈ జబ్బులో ఉన్నదే. పడేవాళ్లకి ఆ బాధ బాధే.

డోసు పెంచాక ఇది మొదలైందని మీరే రాశారు, రాసి దాటేశారు. ఈ జబ్బుకిచ్చే చాలా మందులతో, హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివాటితో, అకథీసియా అనే ఇబ్బంది రావచ్చు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, నిలబడినా కాలు మార్చి కాలు వేస్తూనే ఉంటారు. ఎక్కడమ్మా బాధ అంటే చెప్పలేక పాకుతోంది, గుంజుతోంది అంటారు. మందు మొదలుపెట్టిన, లేదా పెంచిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో వస్తుంది. ఏ స్కానులోనూ కనపడదు. ఇంట్లోవాళ్లు వెళ్లి ‘జబ్బు ముదిరింది సార్, రాత్రంతా తిరుగుతోంది’ అని చెప్తే, డోసు ఇంకా పెరిగి ఈ బాధ రెట్టింపయ్యే ప్రమాదముంది. సరిగ్గా చెప్తే డోసు తగ్గించో, మందు మార్చో, ప్రొప్రనొలాల్ లాంటిది కలిపో సర్దుతారు. మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం. అకథీసియానే అని నేనిక్కడ కూర్చుని తేల్చలేను. విటమిన్ బి12 తగ్గినా, షుగర్ ఉన్నా, ఐరన్ తగ్గినా కాళ్లలో ఇలాంటి బాధలొస్తాయి. రక్తపరీక్షలు కూడా చేయించమని అడగండి.

అసలు సంగతికొస్తాను. మీ ఉత్తరంలో అమ్మ అంటోంది, భార్య విసుక్కుంటోంది, ఎవరో పూజ చేయించమంటున్నారు. ‘చెల్లెలు నాతో చెప్పింది’ అన్న మాట ఒక్కచోటైనా ఉందా? సంబంధం తప్పిన రోజు నుంచి ఆ పిల్లతో మీరు తిన్నగా మాట్లాడటం లేదని నా అనుమానం. జబ్బు దాచి తాంబూలాలు మార్చుకున్నది పెద్దవాళ్లు, ఆ పెద్దల్లో మీరూ ఉండే ఉంటారు. పరువు పోయిందన్న కోపం మాత్రం ఆ పిల్ల మీద చూపిస్తున్నారు. జాతరకి తాతయ్యగుంట గంగమ్మకి కొండ మీది అన్నగారి సారె ఏటా వచ్చే ఊరండీ మీది! ఆ ఊళ్లో ఉంటూ, ఒకే కప్పు కింద ఉన్న చెల్లెలి కష్టం భార్య విసుగులోంచి తెలుసుకుంటున్నారు. నాకు కోపం రాదా?

మీ ఆవిడని నేను తప్పుపట్టను. పగలంతా చాకిరీ, రాత్రి నిద్ర లేదు, పైగా ఆడబిడ్డ. ఆ రాత్రి మెలకువ మీ వంతు.

ఇవాళ ఆమె హాల్లో తిరుగుతున్నప్పుడు లేచి వెళ్లండి. లైటు వేసి ‘ఇంకా పడుకోలేదా’ అని గదమాయించకండి, పక్కన నాలుగడుగులు నడవండి. ఏ కాల్లో మొదలవుతోంది, మాత్ర వేసుకున్నాక ఎక్కువవుతోందా, నడిస్తే కాస్త నయంగా ఉందా, అడగండి. ‘ఏం లేదులే’ అనొద్దు, ‘చీమలెక్కడున్నాయి చూపించు’ అనీ వాదించొద్దు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ డాక్టరుకే చూపించండి. ఆయన వినకపోతే మీ ఊళ్లోని రుయా ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు అమ్మగారినొక్కరినే పంపకుండా మీరే సెలవు పెట్టి వెళ్లండి, లోపల ఆమెనే మాట్లాడనివ్వండి. ఈ బాధ భరించలేను, బతకలేను అని ఆమె నోట వస్తే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు. ఈ గుంజులాటే మనిషిని అంతదాకా నెట్టగలదు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

పూజ మాట కూడా ఆమెనే అడగండి. వస్తానంటే తీసుకెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ వరసలో కూర్చోవాలి. నిమిషం కుదురుగా ఉండలేని మనిషి, పక్కన మీ అమ్మగారు ‘కదలొద్దే’ అంటూ మోకాలు నొక్కిపట్టడం నాకు ఇక్కణ్నుంచే కనపడుతోంది. కాబట్టి ముందు డాక్టరు. కాళ్లు నిమ్మళించాక కాళహస్తి.