నెహ్రూ గారి విగ్రహం పెడుతున్నావని విన్నాక

ఒరేయ్ చిన్నా,

విశాఖలో షిప్‌యార్డున్న సింధియా దగ్గర మీ కుర్రాళ్ళంతా చందాలేసుకుని నెహ్రూ గారి విగ్రహం పెడతారంట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో అంత భయమూ వేసింది. 1948 మార్చి 14న ఆయనొచ్చి, మన షిప్‌యార్డులో కట్టిన జల ఉష అనే ఓడని నీళ్ళలోకి దింపినప్పుడు మా నాన్న, అదే మీ తాతయ్య, ఆ జనంలోనే ఉన్నారు. గాంధీ గారు పోయి అప్పటికి నెలన్నర, దేశం ఇంకా ఏడుపులోనే ఉంది. ఎనిమిది వేల టన్నుల ఓడ కదుల్తుంటే జనం అరిచిన అరుపుకి పక్కవాడి మాట వినపళ్ళేదని తాతయ్య ఎన్నిసార్లు చెప్పేవారో. అందుకే ఈ పని ఆషామాషీగా చెయ్యొద్దంటున్నా.

రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద పెట్టే ఆలోచనే వద్దు, 2013లో సుప్రీంకోర్టు పర్మిషన్లివ్వొద్దంది. లైబ్రరీ ఆవరణో కమ్యూనిటీ హాలో చూసుకుని, స్థలం వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, పర్మిషన్ కోసం జీవీఎంసీకి, అదే మన విశాఖ కార్పొరేషన్‌కి, వెళ్ళు.

అసలు చెప్పాల్సింది ఇది. మా పాత వీధిలో సంఘం వాళ్ళు ఒక నాయకుడి విగ్రహం సిమెంటుతో పోయించారు. చవగ్గా వస్తుందని బీచ్ ఇసకే కలిపారు, లోపల మామూలు ఇనప చువ్వలు, పైన సిల్వర్ పెయింటు. రెండేళ్ళకే చెవి కింద సన్నటి గోధుమరంగు గీత కనపడింది. షిప్‌యార్డులో ఇనప ప్లేట్ల పని చేసినోణ్ణి కదా, నాకర్థమైపోయింది. ఉప్పు తగిలితే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టాక లావెక్కి సిమెంటుని లోపల్నుంచి పగలగొడుతుంది. సుత్తితో మెల్లిగా తట్టి చూస్తే డొల్ల శబ్దం. చెప్తే వింటేగా, ప్రతి జయంతికీ పగుల్లో సిమెంటు పూసి మళ్ళీ రంగేసేవారు. ఓ వానాకాలం రాత్రి భుజం ముక్క ఊడి అరుగు మీద పడింది, పగలంతా పిల్లలు గోళీలాడే అరుగురా అది! తర్వాత బాగుచేయడానికి డబ్బుల్లేక ముఖానికి గోనెసంచి కట్టేశారు, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. అంత పెద్దమనిషికి గోనెసంచి! ఆ దారిన పోవాలంటే తల దించుకుని పోయేవాణ్ణి. నెహ్రూ గారికి ఆ గతి పట్టిస్తే నీతో మాట్లాడను.

కాబట్టి చెయ్యి చాపిన నిలువెత్తు విగ్రహం వద్దు, హుద్‌హుద్ తుఫాను లాంటి గాలొస్తే ఆ చెయ్యే ముందు పోతుంది. కంచుతో ఛాతీ వరకు చేయించు, లేదా టెక్కలి గ్రానైట్ మీద చెక్కించు. బోల్టులు ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, మామూలు 304 రకం ఇస్తానంటే ఒప్పుకోకు. దండ నేల మీద నిలబడి వెయ్యగలిగేంత ఎత్తులో పెట్టు, నిచ్చెనెక్కాల్సి వస్తే ముందు నువ్వే ఎక్కుతావు, చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు, నా గుండె అదురుతుంది. చందాల్లోంచి కొంత బ్యాంకులో వెయ్యి, కడగడానికీ బాగుచేయడానికీ పనికొస్తుంది.

ఫలకం మీద దాతల పేర్లు కింద చిన్నగా ఉండాలి, ఓడ పేరు పెద్దగా ఉండాలి. రంగుతో రాయించకు, చెక్కించు. చెక్కేముందు మేటర్ నాకు వాట్సాప్ చెయ్యి, ఎందుకంటే యార్డుకి 1941 జూన్ 21న శంకుస్థాపన చేసింది రాజేంద్రప్రసాద్ గారు, చాలామంది అది కూడా నెహ్రూ గారికే అంటగట్టేస్తారు. కొటేషన్ తీసుకుని ఆదివారం ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న