ఆయిల్ లైటు వెలిగితే దేన్ని నమ్మాలి?

ప్రశ్న: అన్నా, మా నాన్న కొన్న డీజిల్ జీపు ఇంకా నడుపుతున్నా. ఈ మధ్య ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. కాస్త రేజ్ చేస్తే ఆరిపోతోంది. ప్రెషర్ మీటరు ముల్లు ఒకసారి సున్నా దగ్గర ఉంటే, ఇంకోసారి చివరికంటా కొట్టేస్తోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నిండుగానే ఉంది. ఒక మెకానిక్ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ మారిస్తే చాలన్నాడు. ఇంకొకాయన బేరింగులు పోయాయి, ఇంజన్ దించాలన్నాడు. ఎవరి మాట వినాలి?
– వనస్థలిపురం పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఇద్దరూ కొలవకుండానే చెప్పారు. కొలిచేదాకా ఇద్దరి మాటా పక్కన పెట్టు, బండి కూడా బయటికి తీయకు. ఎర్ర లైటు నిజమే అయితే ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంకుకీ, దాన్ని మోసే బేరింగుకీ మధ్య నిలవాల్సిన ఆయిల్ పొర నిలవడం లేదన్నమాట. డిప్‌స్టిక్ చెప్పేది ఆయిల్ ఎంత ఉందో మాత్రమే. ఏ ప్రెషర్‌తో పారుతోందో దానికి తెలియదు.

నీ బండిలో లైటుకు ఒక స్విచ్, మీటరుకు వేరే సెండర్ (ప్రెషర్ ఎంతుందో మీటరుకు పంపే భాగం) ఉంటే నీ చేతిలో ఇద్దరు సాక్షులున్నట్టే. ఇద్దరూ ఒకే మాట చెబితే ఇంజన్ మీద అనుమానం పెట్టుకో. చెరో మాట చెబితే ముందు కరెంటు వైపు చూడు.

ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టు. లైటు వెలగాలి. స్విచ్ వైరు పీకితే ఆరాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. ఆ వైరు కొసను ఇంజన్ లోహానికి ఒక్క క్షణం తాకించు, మళ్లీ వెలగాలి. మీటరు వైరుతోనూ ఇలాగే చెయ్యి: పీకినప్పుడు ముల్లు ఒక కొసకు, తాకించినప్పుడు రెండో కొసకు పోతే మీటరు, వైరు బాగున్నట్టే, అనుమానమంతా సెండర్ మీదే. ఇది పాత బండ్లకే. కంప్యూటర్ ఉన్న కొత్త కార్లలో వైర్లు ఇలా తాకించొద్దు.

డీజిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు కూడా ఎగురుతున్నాయా? అయితే తప్పు డ్యాష్‌బోర్డు వెనక ఓల్టేజ్ స్టెబిలైజర్‌దో ఎర్తుదో అయి ఉంటుంది. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్తు పట్టీ విప్పి, తుప్పు గీకి బిగించు. సెండర్ మరలకు తెల్ల టెఫ్లాన్ టేపు మందంగా చుట్టారేమో కూడా చూడు. లీకేజీ ఆగుతుందని చుడతారు గానీ ఆ టేపు వల్ల సెండర్‌కు ఎర్తు సరిగా అందదు, ముల్లు ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది.

తీర్పు మాత్రం కరెంటుతో పనిలేకుండా ఆయిల్ ప్రెషర్‌ను నేరుగా కొలిచే మెకానికల్ గేజ్‌దే. రాణిగంజ్ షాపుల్లో అడుగు, నీ స్విచ్ మరకు సరిపోయే అడాప్టర్ కూడా తీసుకో. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజ్ బిగించి స్టార్ట్ చెయ్యి. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ ఎలాగూ బాగానే కనిపిస్తుంది, దానికి మురిసిపోకు. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఇంకోసారి చూసి రాసుకో. సరైన అంకె నీ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. మామూలుగా వేడి ఐడిల్‌లో 1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) అటూఇటూ, రేజ్ చేస్తే 2 బార్ దాటి ఉంటే మెకానిక్‌లం నిశ్చింతగా ఉంటాం. చాలా స్విచ్‌లు 0.3 నుంచి 0.5 బార్ కిందికి పడితేనే లైటు వెలిగిస్తాయి. లైటు మిణికే ఆ వేడి ఐడిల్‌లోనే గేజ్ 1 బార్ చూపిస్తే, వైరు కూడా బాగుంటే, తప్పు స్విచ్‌దే; స్విచ్ మార్చు, పని అయిపోయింది.

గేజ్ కూడా తక్కువే చూపిస్తే? అప్పుడైనా ఇంజన్ దించడం మొదటి పని కాదు. డిప్‌స్టిక్ వాసన చూడు. డీజిల్ వాసన వచ్చినా, పోయకుండానే లెవెల్ పెరిగినా ఆయిల్ పలచబడింది. గ్రేడు సరైనదేనా, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, అవి చూసుకున్నాక ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ చాంబర్ దించమను. మన కాలనీల్లో ఎత్తుగా పోసే స్పీడ్ బ్రేకర్లకు కింద తగిలి చాంబర్ లోపలికి సొట్టపడితే, అది పంపు ఆయిల్ లాగే గొట్టానికున్న జాలీ మూతికి అడ్డం వచ్చి ఆయిల్ లాగనివ్వదు. జాలీ మీద నల్లటి జిగురు పట్టినా అంతే. ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో, పంపు అరిగిందేమో కూడా చూడాలి. చాంబర్ దిగింది కాబట్టి ఒక్క బేరింగ్ క్యాప్ విప్పించి నీ కళ్లతో చూడు. బేరింగు షెల్ (లోపలి రేకు) మీద బూడిదరంగు పూత అరిగి కింద రాగి మెరుస్తుంటే రెండో మెకానిక్ చెప్పింది నిజం.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. లైటు ఆర్పడానికి చిక్కటి ఆయిలో, ఆయిల్‌లో కలిపే డబ్బా మందో పోయనివ్వకు. లైటు ఆరుతుంది, అరుగుదల ఆగదు. బండి అమ్మేవాళ్లు చేసే పని అది, ఉంచుకునేవాళ్లు చేయకూడదు.

ప్రశ్న: ఆయిల్, ఫిల్టర్ మార్పించినప్పటి నుంచి మా కారు పొద్దున స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు మూడు నాలుగు సెకన్లు ఉండి ఆరుతోంది. ఇంతకుముందు వెంటనే ఆరేది. భయపడాలా?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: అమ్మా, కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి మార్చాక మొదటిసారి స్టార్ట్‌లో ఆలస్యం సహజం. రోజూ అలాగే ఉంటే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్‌నే. లోపల ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు ఒకటుంటుంది. నాసిరకం ఫిల్టర్లలో అది సరిగా మూసుకోదు. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున పంపు మళ్లీ నింపేదాకా లైటు ఉంటుంది. కంపెనీ ఫిల్టర్ వేయించండి. అప్పటిదాకా లైటు ఆరేవరకు యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఫిల్టర్ మార్చాక కూడా ఆలస్యమైతే పైన తమ్ముడికి చెప్పినట్టే గేజ్ పెట్టించండి.