చెస్ యాప్ నోరు ఎప్పుడు తెరవాలె

హనుమకొండ

చెల్లె సుజాతకు,

అల్లుడి ఫోన్ల చెస్ యాప్ ఎత్తెత్తుకూ మాట్లాడుతున్నదని, ఉంచాల్నా తీసేయాల్నా అని అడిగినవు. మన గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ల ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జాబితాల 2801 రేటింగ్‌కు చేరినంక ఇక్కడ తల్లిదండ్రులు శానమంది ఇదే అడుగుతున్నరు. ఉంచు, కానీ ఆట నడుస్తున్నప్పుడు కాదు.

ఆ గొంతు మూడు పనులు చేస్తది. ఒకటి ముచ్చట పెట్టుడు. పాత ఫ్రిట్జ్ చెస్ ప్రోగ్రాముల్లో లెక్క మధ్యల వెక్కిరింపులు, జోకులు. దాన్ని మొదలే బంద్ పెట్టు.

రెండోది ఎత్తు చదువుడు. ఇది పనికొచ్చే పని. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌ల సౌండ్ దగ్గర స్పీచ్ అని ఉంటది. వారానికి రెండు రోజులు వాన్ని కండ్లు మూసుకొమ్మని మొదటి ఆరేసి ఎత్తులు వినిపియ్యి. ఆపి, నల్ల గుర్రాలు ఎక్కడున్నయని అడుగు. నిలువు వరుసల అక్షరాలు బీ, సీ, డీ, ఈ, జీ ఒక్క తీరే వినపడి పోరడు తికమక పడుతడు. చూపులేని ఆటగాళ్ల కోసం ఫిడే నియమాల్లో ఆనా, బెల్లా, సీజర్, డేవిడ్, ఈవా, ఫెలిక్స్, గుస్తావ్, హెక్టర్ అని ఆ వరుసలకు పేర్లున్నయి. నువ్వు చదివేటప్పుడు అవి వాడు, వానికి సరదా కూడా. ఫోన్ సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్ వేగం కొంచెం తగ్గించి, ఇండియన్ ఇంగ్లిష్ గొంతు ఎంచు.

మూడోది తప్పు ఎందుకో చెప్పుడు. అసలు తంటా ఇక్కడనే. ఇటాలియన్ అనే ఆరంభంతోటి నడిచే ఆటల అల్లుడు నల్ల పావులతో ఆడుతున్నడనుకో. తెల్ల గుర్రం జీ5కి వచ్చింది. వీడు బంటును డీ5కి తోసిండు, తెల్ల బంటు దాన్ని కొట్టింది, వీడు గుర్రంతో తిరిగి కొట్టిండు. "తప్పు, గుర్రం ఏ5 మంచిది" అంటది గొంతు. నిజమే. పోరడు "సరే" అని ముందుకు పోతడు, వచ్చే వారం మళ్ల అదే ఎత్తు. ఎందుకు తప్పో వాడు చూడలే. సంగతేందంటే, తెల్ల గుర్రం ఎఫ్7లో పడి చావంగనే, దాన్ని కొట్టిన నల్ల రాజు బయటికొచ్చిండు. తెల్ల మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ పెట్టింది. డీ5ల ఉన్న నల్ల గుర్రం మీద ఇప్పుడు తెల్ల బిషప్, మంత్రి ఇద్దరి గురి, కాసేది నల్ల మంత్రి ఒక్కటే. రాజు భయపడి జీ8కి పోతే తెల్ల బిషప్ గుర్రాన్ని కొట్టి చెక్ అంటది. నల్ల మంత్రి దాన్ని కొట్టినా తెల్లకు ఇంకో రెండెత్తుల్ల మేటు. గుర్రాన్ని దక్కించుకోవాలంటే రాజే ఈ6కి, నడి బోర్డుకు నడవాలె. ఇది వాడు చేత్తో పావులు కదిపి చూడకుంటే ఎంత మంచిగ చెప్పినా గాలికి పోతది.

అందుకే ఆట అయినంక ముందు గొంతు లేకుండనే, తనకు అనుమానమున్న మూడు చోట్లు నోట్‌బుక్కుల రాయమను. ప్రతి దానికి ఒక వాక్యం చాలు: ఎదుటోడు ఏం చేయబోతున్నడు? తర్వాత గొంతు ఆన్ చేసి, "తప్పు" అనంగనే ఆపాలె. రెండు నిమిషాలు వాడే వెతకాలె, అప్పుడు మిగతాది వినాలె. రోజుకు ఒక్క ఆట చాలు.

గొంతు చెప్పిందల్లా వేదం కాదు. ముందే రాసిపెట్టిన వాక్యాలతో మాట్లాడే ప్రోగ్రాం, కావాలని ఇచ్చిన ఏనుగును కూడా "ఉత్తగ పోగొట్టుకున్నవ్" అంటది. ఎవరిది పైచేయో అంకెల్ల చెప్పే స్కోరు ముచ్చట కూడా అంతే. ఎత్తులు లెక్కగట్టే స్టాక్‌ఫిష్ ప్రోగ్రాంల 15.1 వెర్షన్ నుంచి ప్లస్ ఒకటి అంటే ఒక బంటు ఎక్కువున్నట్టు కాదు, తెల్లకు గెలిచే అవకాశం సగమని. "ఒక బంటు ఆధిక్యం" అని చదివితే అల్లుడు బోర్డు మీద బంట్లు లెక్కబెట్టి పరేషాన్ అయితడు.

గడి 5 నుంచి 6 సెంటీమీటర్లుండే బోర్డు ఒకటి కొను, టోర్నీల్లో ఆ కొలతే ఉంటది. టోర్నీకి పోయిననాడు ఫోన్ నీ దగ్గరనే పెట్టుకో. ఆట నడుస్తుంటే వాని జేబుల ఫోన్ దొరికితే ఆట పోతది.

మీ అన్న