జపోరిజ్జియాకు పిల్లలతోనా?

నీప్రో నగరం, ఉక్రెయిన్

చిరంజీవి నాయనకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ పెద్దమ్మకూ చదివి వినిపించాను. పిల్లలకు సెలవులివ్వగానే నలుగురూ జపోరిజ్జియా వచ్చి మీ అత్తగారి దగ్గర నెలరోజులు ఉండాలనుకుంటున్నారని, ఆమె కూడా సరేనన్నదని రాశావు. మనవలు వస్తామంటే ఏ అమ్మమ్మ వద్దంటుంది? ఆమె సరేనన్నంత మాత్రాన ఊరు సరిగా ఉన్నట్టు కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లలను జపోరిజ్జియా తీసుకురావద్దు. మీ అత్తగారినే పడమరన పోలండ్‌కు రప్పించి అక్కడ కలుసుకోండి. కోడలికి తండ్రి సమాధి చూసుకోవాలని ఉంటే అది వేరే ప్రయాణం. పెద్దవాళ్లు మాత్రమే, రెండు మూడు రోజులకు రావలసిన ప్రయాణం. ఈ రెంటినీ ఒకే టికెట్టులో కట్టేయాలని చూస్తున్నందుకే మీకు ఇంత గందరగోళంగా ఉంది.

నువ్వు అక్కడ వైద్యం చదివిన రోజులు వేరు. హోర్తిత్సియా దీవిలో తిరిగి, 1932లో మొదలైన ఆ జలవిద్యుత్ ఆనకట్ట మీదుగా సాయంత్రాలు నడిచివచ్చేవాళ్లం అని ఇప్పటికీ చెబుతుంటావు. ఆ ఆనకట్ట మీద 2024 మార్చిలో రష్యా క్షిపణులు పడ్డాయి. 2024 శరదృతువు నుంచి విమానాలు దూరం నుంచి వదిలే గ్లైడ్ బాంబులు కూడా ఊరి మీద పడుతున్నాయి. యుద్ధరేఖ ఊరికి దక్షిణంగా, కారులో గంట కూడా పట్టనంత దగ్గరలో ఉంది. కీవ్‌లో సైరన్ మోగితే చాలాసార్లు చెప్పులు వేసుకుని కిందికి దిగే సమయం దొరుకుతుంది. జపోరిజ్జియాలో ఒక్కోసారి పేలుడు ముందు, సైరన్ తరువాత. పిల్లల విషయంలో నేను లెక్కలోకి తీసుకునేది ఈ తేడానే. కొత్త ఊరు, తెలియని భాష, అర్ధరాత్రి నిద్ర. ఎనిమిదేళ్ల పాపను లేపి ఎత్తుకుని కారిడార్‌లోకి తెచ్చేలోపే జరగవలసింది జరిగిపోతుంది.

ఇక్కడివాళ్లు యుద్ధానికి అలవాటుపడ్డారని, పిల్లలు బడులకు వెళుతున్నారని కోడలికి బంధువులు చెబుతుంటారు. నిజమే. జపోరిజ్జియాలో, ఖార్కివ్‌లో నేల కింద బడులు కట్టారు. నేల కింద కట్టవలసి వచ్చిందంటే ఊరు ఎలా ఉందో అర్థం చేసుకోవాలి. 2025 ఏప్రిల్ 4న క్రివీ రిహ్‌లో పిల్లల ఆటస్థలం పక్కన క్షిపణి పడి 20 మంది పోయారు, అందులో తొమ్మిది మంది పిల్లలు. మా నీప్రోలో 2023 జనవరి 14న ఒక తొమ్మిదంతస్తుల ఇంటి మీద పడితే 46 మంది పోయారు. రెండు ఊళ్లూ యుద్ధరేఖకు జపోరిజ్జియా కన్నా దూరంలోనే ఉన్నాయి.

ఈ మైదానాన్నే ఎందుకు ఇంతగా కొడుతున్నారని నీ కొడుకు అడిగాడని రాశావు. మంచి ప్రశ్న. వాడికి ఇలా చెప్పు. క్రివీ రిహ్‌లో ఇనుప ఖనిజం, నికోపోల్ దగ్గర మాంగనీసు, తూర్పున దోన్‌బాస్‌లో బొగ్గు, మధ్యలో నీపర్ నది నీళ్లు, కరెంటు. ఉక్కుకు కావలసినవన్నీ ఒకే గడ్డిమైదానంలో దొరికాయి కనుక గనులు, కొలుములు, రైలు జంక్షన్లు ఒకదానికొకటి ఆనుకుని లేచాయి. కార్మికుల ఇళ్లు వాటి గోడల పక్కనే కట్టారు. ఇప్పుడు కర్మాగారం మీదికి వదిలింది ఇంటి మీదా పడుతుంది. దాక్కోవడానికి కొండలు లేవు. కనిపించే గుట్టలన్నీ గని నుంచి తోడిపోసిన మట్టే, మన కొత్తగూడెం చుట్టూ ఉన్న బొగ్గుగనుల మట్టిదిబ్బల్లాంటివే. సోవియట్ కాలంలో గనుల ఇంజినీరింగ్ చదవడానికి దొనెట్స్క్ వచ్చి, 2014 వేసవిలో అక్కడ పోరు మొదలైనప్పుడు ఆ ఊరూ ఇల్లూ వదిలి నీప్రో చేరినవాణ్ణి. అప్పుడు కూడా రెండు వారాల్లో సర్దుకుంటుందని చెప్పినవాళ్లు బోలెడంతమంది. 2012 యూరో ఫుట్‌బాల్ పోటీల కోసం కొత్తగా కట్టిన దొనెట్స్క్ విమానాశ్రయ భవనం 2015 జనవరి నాటికి ఇనుప చువ్వల కుప్పగా మిగిలింది.

ఇక పెద్దవాడి సంగతి. ఇది నువ్వు అసలు అడగలేదు, నేను మాత్రం దీని గురించే ఎక్కువ ఆలోచించాను. వాడికి పదిహేడు నిండబోతున్నాయి. వాడి చేతిలో భారత పాస్‌పోర్టు ఉండవచ్చు. కానీ తల్లి ఉక్రెయిన్ పౌరురాలైతే, ఎక్కడ పుట్టినా బిడ్డ పుట్టుకతోనే తమ పౌరుడని ఉక్రెయిన్ చట్టం అంటుంది. 2022లో పూర్తిస్థాయి యుద్ధం మొదలైనప్పటి నుంచి 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవారు దేశం దాటి వెళ్లడానికి వీల్లేదు. 2025 ఆగస్టులో 22 ఏళ్ల వరకు ఉన్నవారికి సడలించారు. సడలించినది మళ్లీ బిగించరన్న పూచీ ఎవరిస్తారు? సరిహద్దు దగ్గర అధికారి వాడి తల్లి పాస్‌పోర్టు, వాడి జనన ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి చూస్తే మాట ఎటు తిరుగుతుందో నేను చెప్పలేను. కాబట్టి వాడు ఉక్రెయిన్ సరిహద్దు లోపలికి అడుగు పెట్టవద్దు, అంతే. వాడికి కోపం వస్తుంది. రానీ.

కాబట్టి మీరు కలుసుకోవలసిన చోటు పోలండ్‌లోని క్రాకోవ్. మీ అత్తగారికి బయోమెట్రిక్ పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే పోలండ్ లాంటి ఐరోపా దేశాల్లో, 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. 2017 నుంచి అమలులో ఉన్న సౌకర్యం ఇది. స్త్రీ కనుక సరిహద్దు దగ్గర మగవారికున్న ఆంక్ష ఆమెకు లేదు. మీకు షెంగెన్ వీసా చాలు, ఉక్రెయిన్ వీసా అక్కర్లేదు. అయితే కోడలు, నువ్వు మధ్యలో ఉక్రెయిన్ వచ్చి వెళ్లాలనుకుంటే నీ షెంగెన్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకు అనుమతించేదై ఉండాలి. లేకపోతే ఇటు వచ్చాక తిరిగి పోలండ్‌లోకి వెళ్లలేవు, పిల్లలు అటువైపు ఉండిపోతారు. దరఖాస్తులోనే ఆ గడి నింపాలి, తరువాత మార్చడం కుదరదు.

మీ అత్తగారిని ఒప్పించడం మాత్రం తేలిక కాదు. ఈ ప్రాంతపు ముసలివాళ్లు ఇల్లు వదలరు. అటకమీద సీసాలు, పెరట్లో బంగాళాదుంపలు, పిల్లి, భర్త సమాధి, వీటిని చూపించి వద్దంటారు. నేను చూసినంతలో, "అక్కడ ప్రమాదం, వచ్చేయండి" అంటే మరింత బిగుసుకుంటారు. పారిపోతున్నట్టు అనిపిస్తుంది కదా. అందుకని కోడలి చేత వేరే విధంగా చెప్పించు. పాపకు అమ్మమ్మ చేతి బోర్ష్ సూపు నేర్పాలి, మూడు వారాలు తోడుండి పో, తిరుగు టికెట్టు ఇప్పుడే కొని పంపుతున్నాం అని. ఆ తిరుగు టికెట్టు కళ్లముందు కనబడితేనే కదులుతారు. కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో విత్తనాల పని, ఆగస్టు, సెప్టెంబరుల్లో దుంపలు తవ్వి టమాటాలు సీసాలకు ఎత్తే పని. ఆ రోజుల్లో అడిగితే రాదు. అక్టోబరు నడిమికి పనులన్నీ అయిపోతాయి, చలి మొదలవుతుంది, కరెంటు కోతలూ ఎక్కువవుతాయి. మన దసరా సెలవులు దాని దరిదాపుల్లోనే కదా. వేసవి ఆలోచన మాని అప్పటికి మార్చుకోండి.

పిల్లిని పక్కింటివాళ్లకు ఒప్పజెప్పే బాధ్యత మీ పెద్దమ్మ తీసుకుంటానంది. మీ అత్తగారిని నీప్రో నుంచి రైలెక్కించే పని నాది. కింది బెర్తు దొరికేటట్టు ముందుగానే కొంటాను. రక్తపోటు మాత్రలు నెలరోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా సంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.

ఇప్పుడు కోడలి ప్రయాణం. ఇంటి కాగితాల కోసమైతే రావలసిన పని లేదు. వారసత్వం, ఆస్తి వ్యవహారాలకు ఢిల్లీలోని ఉక్రెయిన్ రాయబార కార్యాలయంలో తల్లి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వవచ్చు. సమాధి చూడటానికే అయితే నేను అడ్డు చెప్పను. తండ్రిని మట్టి చేసినప్పుడు లేని బిడ్డకు ఆ బాధ ఉంటుంది. కానీ ఈస్టర్ తరువాత వచ్చే స్మరణ దినాల్లో మాత్రం వద్దు. జనం ఒకేచోట చేరతారని చాలా ఊళ్లలో ఆ రోజుల్లో శ్మశానాలకు రావద్దనే చెబుతున్నారు. ఏ మామూలు వారంలోనో, పగటిపూట, అరగంట చూసి వచ్చేయాలి.

దారి ఇది. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ గగనతలంలో పౌర విమానాలు లేవు. క్రాకోవ్ నుంచి పోలండ్ రైల్లో ప్షెమిశ్ల్ వరకు, అక్కడ అదే స్టేషన్లో మరో ప్లాట్‌ఫారం మీద, సుంకం తనిఖీ దాటాక, వెడల్పు పట్టాల ఉక్రెయిన్ రైలు. రెండు దేశాల పట్టాల కొలతలు వేరు, 1435, 1520 మిల్లీమీటర్లు. అందుకే మారక తప్పదు. కీవ్ మీదుగా నీప్రో దాకా వచ్చేయండి, మా ఇంట్లో పడుకుని తెల్లవారి జపోరిజ్జియా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రాత్రి అక్కడ ఉండవద్దు. కర్ఫ్యూ వేళలు ఊరిని బట్టి మారుతుంటాయి, రైలు ఆలస్యమై కర్ఫ్యూలో దిగితే స్టేషన్లోనే కూర్చోవాలి, టాక్సీ కోసం బయటికి నడవకూడదు. రష్యా వైపు నుంచి రొస్తోవ్ మీదుగా దోన్‌బాస్‌లోకి తెస్తామని చెప్పే ఏజెంట్లు మీకు తగలవచ్చు. ఆ దారి ఉక్రెయిన్ చట్టానికి విరుద్ధం. అటువైపు చూడనైనా చూడవద్దు.

ఫోనులో వైమానిక హెచ్చరికల యాప్ పెట్టుకుని జపోరిజ్జియా, నీప్రో ప్రాంతాలు రెండూ ఎంచుకోండి. ఆశ్రయానికి వెళ్లే వ్యవధి లేకపోతే బయటికీ మీకూ మధ్య రెండు గోడలుండేచోట, కిటికీ లేనిచోట కూర్చోవాలి. మామూలుగా అది స్నానాలగది బయటి కారిడార్. దెబ్బతిన్న భవనాన్ని, వంతెనను, చెక్‌పోస్టును, సైనికులను ఫొటో తీయకూడదు. సైన్యం కదలికలు, స్థావరాల సమాచారం బయటపెడితే శిక్షించడానికి 2022 మార్చి నుంచి శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షనే ఉంది. నువ్వు చదువుకున్న వీధులే అని ముచ్చటపడి ఫోను ఎత్తకు. పొలాల అంచున వరుసగా పెంచిన చెట్ల మధ్యకు, మూత్రానికైనా సరే, దిగవద్దు. మందుపాతరలు ఎక్కువగా ఉండేది అక్కడే.

నీళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. 2023 జూన్ 6న కఖోవ్కా ఆనకట్ట తెగిపోయి ఆ జలాశయం ఖాళీ అయింది. నికోపోల్, క్రివీ రిహ్ లాంటి ఊళ్లకు నీళ్ల కరువు వచ్చింది. తాగడానికి సీసా నీళ్లే వాడండి. జపోరిజ్జియా ప్రాంతంలోని ఎనెర్హోదర్ అణువిద్యుత్ కేంద్రం గురించి కోడలి భయం నాకు తెలుసు. ఆరు రియాక్టర్లూ కరెంటు తయారుచేయడం లేదు, కానీ చల్లబరచడానికి బయటి నుంచి కరెంటు అందుతూనే ఉండాలి, అది పలుమార్లు ఆగింది. అయోడిన్ మాత్రలు జేబులో పెట్టుకోవచ్చు, అధికారులు చెప్పకుండా మింగవద్దు. డాక్టరువి, నీకు నేను చెప్పాలా!

బీమా సంగతి చివరికి వదిలేశాను. మామూలు ప్రయాణ బీమాలో యుద్ధనష్టం ఉండదు. యుద్ధాన్ని కూడా చేర్చిన పాలసీ దొరికితే కొను, దొరకకపోతే రావద్దు. మన విదేశాంగశాఖ 2022 అక్టోబరులోనే ఉక్రెయిన్ ప్రయాణాలు మానుకొమ్మని చెప్పింది. కాబట్టి చిక్కుకుంటే 2022లో మన ప్రభుత్వం భారతీయులను తరలించిన ఆపరేషన్ గంగ లాంటిది మళ్లీ వస్తుందని ఆశపడకు. అప్పుడు 22,500 మంది దాకా వెనక్కి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు, యుద్ధం మొదలయ్యేనాటికే ఇక్కడ ఉన్నవాళ్లు. మీరు తెలిసి వస్తున్నవారు. కీవ్‌లోని మన రాయబార కార్యాలయంలో పేర్లు మాత్రం నమోదు చేయించండి.

కోడలితో ఈ ఉత్తరం చదివించు. నాతో మాట్లాడాలంటే రాత్రి ఎనిమిది తరువాత, మీకు పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, ఫోను చేయమను. కరెంటు లేకపోయినా మోగుతుంది. దానికన్నా ముందు మీ అత్తగారి పాస్‌పోర్టు బయోమెట్రిక్‌దేనా, గడువు ఎప్పటివరకు ఉందో అడిగి నాకు రాయండి. గడువు దగ్గర పడి ఉంటే కొత్తది చేయించడానికి నేనే వెళ్లి ఆమెను వెంటబెట్టుకుని వరుసలో నిలబడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న