రక్త క్యాన్సర్ అదుపులో ఉంది, ఇంటి అప్పు ముందే తీర్చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 39. కూకట్‌పల్లిలో ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఐదేళ్ల కిందట సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నాను. రెండేళ్లుగా రెమిషన్‌లో, అంటే జబ్బు అదుపులో ఉన్న దశలో ఉన్నానని డాక్టర్ చెబుతున్నారు. ఎఫ్‌డీల్లో రూ.9 లక్షలు ఉన్నాయి, ఇంటి అప్పు రూ.14 లక్షలు మిగిలి ఉంది. ఈఎంఐతో కలిపి నెల ఖర్చు రూ.55 వేలు. ఎఫ్‌డీలు తీసి అప్పులో కట్టేసి, ఒత్తిడి తక్కువగా ఉండే చిన్న సంస్థలో చేరాలనుకుంటున్నాను. అక్కడ ఆరోగ్య బీమా లేదు. నా జబ్బు సంగతి మావారికి, పాపకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరితో మాట్లాడాలో కూడా తోచడం లేదు.

జవాబు: లెక్క ప్రకారం చూస్తే మీ ఆలోచన తప్పు కాదు. ఎఫ్‌డీ వడ్డీలో పన్ను పోగా మిగిలేది సాధారణంగా గృహ రుణానికి కట్టే వడ్డీ కంటే తక్కువే ఉంటుంది. అయితే మీ పరిస్థితిలో వడ్డీ తేడా కంటే, అవసరం పడిన రోజున డబ్బు చేతికి అందడం ముఖ్యం. ఇమాటినిబ్‌పై మందుల కంపెనీ నోవార్టిస్ కోరిన పేటెంట్‌ను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించినందువల్ల దేశీయ జెనరిక్ మాత్రలు అందుబాటు ధరలో దొరుకుతున్నాయి. ఈ మాత్ర పనిచేయడం తగ్గితే డసాటినిబ్, నిలోటినిబ్ వంటి మందులకు మారవలసి రావచ్చు. అరుదుగా మూలకణ మార్పిడి వరకూ వెళితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. అప్పుడు, ఇంటి అప్పులో కట్టేసిన సొమ్మును బ్యాంకు వెనక్కి ఇవ్వదు.

కాబట్టి ఏడాది ఖర్చుకు సరిపడా రూ.6.6 లక్షలను కదపవద్దు. దానిని నాలుగైదు చిన్న ఎఫ్‌డీలుగా ఉంచితే అవసరమైనప్పుడు ఒక్కదానినే రద్దు చేసుకోవచ్చు. మిగిలిన రూ.2.4 లక్షలు అప్పులో కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. చలన వడ్డీ (ఫ్లోటింగ్ రేటు) గృహ రుణాన్ని వ్యక్తులు ముందే తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదు. మీ బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా గృహ రుణం ఉంటే అందులోకి మారే వీలుందేమో అడగండి. అందులో జమ చేసిన మిగులు సొమ్ము వడ్డీని తగ్గిస్తుంది, కావలసినప్పుడు వెనక్కి తీసుకునే వీలూ ఉంటుంది.

ఉద్యోగం మారడం విషయంలో నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను: బీమా ఏర్పాటు పూర్తయ్యేవరకు రాజీనామా ఇవ్వకండి. కంపెనీ బృంద పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారే అవకాశాన్ని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు కల్పిస్తున్నాయి. ఆ సంస్థ మీ ఆరోగ్యాన్ని పరిశీలించి నిర్ణయం తీసుకుంటుంది కనుక, ఉద్యోగంలో ఉండగానే రాతపూర్వకంగా అడగాలి. కొత్త పాలసీ తీసుకోవలసి వస్తే జబ్బును దాచవద్దు. 2024 ఏప్రిల్ 1 నుంచి ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం, గరిష్ఠంగా 36 నెలలే. వరుసగా 60 నెలలు పూర్తయితే బీమా సంస్థ పాత వివరాలను ప్రశ్నించలేదని కొందరు ఏజెంట్లు భరోసా ఇస్తుంటారు గానీ, మోసం రుజువైతే ఆ రక్షణ వర్తించదు. మీ వారికి, పాపకు మాత్రం ఇప్పుడే వేరుగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. ఏ పాలసీ తీసుకున్నా ఓరల్ కీమోథెరపీకి, అంటే మాత్రలతో చేసే క్యాన్సర్ చికిత్సకు ఎంత పరిమితి పెట్టారో చదవండి. మీ ఖర్చు ఆసుపత్రి పడకకంటే మాత్రలదే ఎక్కువ.

పాత పన్ను విధానంలో ఉంటే, ఆదాయపు పన్ను చట్టం కింద (1961 నాటి చట్టంలో ఇది సెక్షన్ 80డీడీబీ) చికిత్స ఖర్చుకు ఏడాదికి రూ.40 వేల వరకు మినహాయింపు ఉంది. నిపుణుడైన వైద్యుడి ప్రిస్క్రిప్షన్ కావాలి, బీమా సంస్థ లేదా యజమాని తిరిగి ఇచ్చిన మొత్తం అందులోంచి తగ్గుతుంది.

ఇక మీరు చివర్లో రాసిన మాట. ఇది ఆర్థిక ప్రశ్న కాదనుకుని మీరు సంకోచించి ఉంటారు, కానీ నా దృష్టిలో ఇదీ ఆర్థిక ప్రశ్నే. రక్తంలో జబ్బు ఆనవాళ్లను కొలిచే పీసీఆర్ పరీక్ష ఏ ల్యాబ్‌లో ఎంతకు చేస్తారు, బీమా సంస్థ ఏయే కాగితాలు అడిగింది, ఆఫీసులో ఎవరికి ఎంతవరకు చెప్పాలి వంటివి నాకంటే ఈ మాత్ర వేసుకుంటున్నవారే బాగా చెప్పగలరు. సీఎంఎల్ ఉన్నవారి కోసం దేశంలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్’ అనే సహాయక బృందం ఉంది. నిమ్స్‌లోనో, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రిలోనో ఓపీ వద్ద కూర్చున్నవారిలో పదేళ్లుగా ఈ మాత్రతోనే ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను చదివించుకుంటున్నవారూ ఉండవచ్చు. అలాంటి ఇద్దరు ముగ్గురితో పరిచయం చేయించమని మీ డాక్టర్‌ను అడగండి. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది తర్వాత తీరికగా ఆలోచించుకోవచ్చు.

అయితే ఆ పరిచయాల్లో చిట్టీలు, చేబదుళ్లు, పాలసీల అమ్మకాలకు దూరంగా ఉండండి. ఎవరో మాత్ర ఆపేసి బాగానే ఉన్నారని విని మీరూ ఆపవద్దు. డాక్టర్ పర్యవేక్షణలో మాత్ర ఆపినవారిలోనూ దాదాపు సగం మందికి జబ్బు ఆనవాళ్లు తిరిగి కనిపిస్తాయి. పైగా ఆపిన తొలి నెలల్లో పీసీఆర్ పరీక్షలు తరచుగా చేయించాలి కనుక ఖర్చు వెంటనే తగ్గదు. ఎప్పుడైనా మీ డాక్టరే ఆ ప్రస్తావన తెస్తే, ముందుగా ఆ పరీక్షల ఖర్చు లెక్క వేసి, దానికి సరిపడా ఒక ఎఫ్‌డీని పక్కన పెట్టండి.