పేపర్లు లెక్కపెట్టే ముందు

అమ్మలూ,

మీ ప్రిన్సిపల్ గారు అప్పగించిన పని గురించి నిన్న ఫోన్లో చెబుతుంటే నీ గొంతులో టెన్షన్ తెలిసింది. ఐదేళ్లలో మీ అధ్యాపకులు రాసిన పరిశోధన పేపర్లన్నీ ఏరి, వాటి ప్రభావం ఎంతో తేల్చాలన్నావు. ముప్ఫై ఏళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో నేను చేసిన పనిలో ఇదీ ఒకటి. ఫోన్లో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

లెక్కల జోలికి పోకముందే పేర్లు సరిచెయ్యి. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం, పరిశోధన పేపర్ల వివరాలు పోగుచేసే స్కోపస్ లాంటి డేటాబేసులకు ఆ పద్ధతి తెలియదు. కె. శ్రీనివాసరావు అనే ఒకే మనిషి ఒక పేపర్లో 'రావు కె.ఎస్.', ఇంకోదాంట్లో 'శ్రీనివాసరావు కె.' అయిపోతాడు. ఒకరి సైటేషన్లు, అంటే ఆయన పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన లెక్క, ఇద్దరు ముగ్గురికి చీలిపోతాయి. దీనికి తిరగబడిందీ జరుగుతుంది. మా దగ్గర ఒకసారి కెమిస్ట్రీ మాస్టారి ఖాతాలో అదే పేరున్న మరొకరి పశువైద్యం పేపర్లు చేరాయి. ఆ జాబితా తయారుచేసింది నేనే, ఆయనకు ఒకసారి చూపించకుండానే పైకి పంపాను. ఇంటర్వ్యూలో ఆ పేపర్ల గురించి అడిగితే ఆయన ముఖం ఎలా వాడిపోయిందో తర్వాత ఆయనే చెప్పారు. అందుకే అందరి చేతా ఆర్కిడ్ నంబరు తీయించు, అది ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు నంబరు. పదహారు అంకెలుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇకమీదట ప్రతి పేపర్లో పేరు ఒకే స్పెల్లింగుతో రాయమని చెప్పు.

గూగుల్ స్కాలర్‌లో దాదాపు ఎప్పుడూ స్కోపస్ కంటే ఎక్కువ సైటేషన్లు కనిపిస్తాయి. అది థీసిస్‌లనూ, ఇంకా అచ్చుకాని పేపర్లనూ కూడా లెక్కేస్తుంది. స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు, సదస్సుల పేపర్ల వరకే చూస్తుంది. రెండూ కలిపి ఒకే పట్టికలో వెయ్యకు. ప్రతి అంకె పక్కన ఎక్కడ తీసుకున్నావో, ఏ తేదీన తీసుకున్నావో రాసెయ్యి.

హెచ్-ఇండెక్స్ గురించి అడిగావు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క అది. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు ఉంటే అంత. ఒకరి ఆరు పేపర్లకు వరుసగా 40, 22, 9, 6, 5, 3 సైటేషన్లు ఉన్నాయనుకో. ఐదో పేపరుకు ఐదున్నాయి, ఆరోదానికి ఆరు లేవు, కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మొదటి పేపరుకు 40 బదులు 400 వచ్చినా అది ఐదే. అంటే ఆ మనిషి చేసిన అతి పెద్ద పని ఆ అంకెలో కనబడనే కనబడదు. పైగా వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయినీ, రేపు రిటైరయ్యే ఆయననీ దాంతో తూచడం అన్యాయం. లెక్కల మాస్టారినీ బయోకెమిస్ట్రీ వాళ్లనీ పక్కపక్కన పెట్టడం కూడా అంతే. గణితంలో సైటేషన్లు రావడమే నెమ్మది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, పేపరుది కాదు. ఆ జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది పడిన సైటేషన్ల సగటు. నాలుగైదు వ్యాసాలే ఆ సగటును పైకి లాగుతుంటాయి. దాన్ని మనిషికి అంటగట్టొద్దని పరిశోధనను ఎలా అంచనా వెయ్యాలన్న దానిపై 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన 'డోరా' ప్రకటన కూడా గట్టిగా చెప్పింది. నమ్మదగిన జర్నళ్లు ఇవీ అని చెప్పే తన కేర్ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది, కాబట్టి జర్నల్ మంచిదో కాదో మీరే చూసుకోవాలి. డబ్బు కట్టిన వారంలోపు అచ్చేస్తామన్న జర్నళ్లను విడిగా పెట్టి, ఆ పేపర్లు రాసినవాళ్లతో నెమ్మదిగా మాట్లాడు.

అసలు పని సైటేషన్లు తెరిచి చదవడంలో ఉంది. ఒక్కొక్కరికి ఒక పేపరు చొప్పున తీసుకో. నేను కూర్చుని చదివినప్పుడల్లా ఒకటే కనబడేది. ఎక్కువ భాగం ఉపోద్ఘాతంలో ఒకే బ్రాకెట్‌లో పదిమందితో కలిపి పడేసినవి. కొన్ని సొంత శిష్యులవి. ఎక్కడో ఒకచోట మాత్రం, వేరే ఊళ్లో ముక్కూమొహం తెలియని ఒకరు మనవాళ్ల పద్ధతినే వాడి ప్రయోగం చేసి ఉంటారు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నివేదికలో పెట్టు.

సైటేషన్లకు అందనివీ ఉంటాయి. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, ఎన్ని కంచాల్లోకి వెళ్లిందో ఏ డేటాబేసు చెబుతుంది? తర్వాత దానికి బాక్టీరియా ఎండాకు తెగులు తట్టుకునే గుణాన్ని హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి జోడించారు. అలాంటి పనికి పేపరూ ఉంటుంది, పొలమూ ఉంటుంది. మీ బోటనీ వాళ్లు రైతులతో ఏం చేశారో అడిగి, ఊరి పేరుతో సహా రాసుకో.

తెలుగు శాఖ వాళ్ల గడి ఖాళీగా వదలకు, ఇది నా మనవి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ల వెంట పదాలు సేకరింపజేసి 1962లో తెచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం లాంటి పనికి స్కోపస్‌లో సున్నా కనబడినా ఆశ్చర్యపోను. అలాంటివాటికి ఏ సిలబస్‌లో ఉంది, ఎవరు సమీక్షించారు, ఏ నిఘంటువు వాడుకుంది అని రాయాలి.

పట్టిక అయ్యాక ఎవరి వరుస వాళ్లకు పంపి, వారం గడువిచ్చి, సరేనని సంతకం తీసుకో. ఆ తర్వాతే ప్రిన్సిపల్ గారి టేబుల్ మీదకు వెళ్లాలి. ఈలోగా కెమిస్ట్రీ వాళ్ల వరుసలు నాకు పంపు, పేర్లు నేను చూసిపెడతాను.

ఆశీస్సులతో,
బాబాయి